పరదేశ సంపాదనలో ఇంటివారి భాగం

(మర్రిగూడ మస్జిదులో చేసిన జుమా ప్రసంగ పాఠం)

సకల స్తుతులకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయనే మనలను సృష్టించాడు. మనకు ఉపాధి నిర్ణయించాడు. ఆ ఉపాధిలో కొంత మన గడప ముందు, కొంత వేల మైళ్ల దూరాన ఉంచాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా అల్లాహ్ కారుణ్యం, శాంతి కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్‌కు భయపడవలసిందిగా ముందుగా నాకు, ఆ తరువాత మీకు హితవు చెబుతున్నాను. నేటి ప్రసంగంలో అధికభాగం ఈ మస్జిదులో లేనివారిని గురించినది. కొందరు రియాద్‌లో, షార్జాలో, హైదరాబాదులో పనిలో ఉన్నారు. ఇంకొందరు ఇక్కడికి నాలుగు అడుగుల దూరంలో, మన ఇళ్లలోనే ఉన్నారు. మన మస్జిదులో స్త్రీలకు చోటు చాలదు. కనుక మీరు విన్న మాటలను ఇంటికి మోసుకుపోయి వారికి వినిపించే బాధ్యత మీదే.

మనం నమాజులో తరచుగా పఠించే చిన్న సూరాలలో ఒకటి సూరా ఖురైష్. అది దివ్యఖుర్ఆన్‌లో 106వ సూరా, నాలుగే ఆయతులు. అరబీ ఒక్క ముక్క రానివారికి కూడా అది కంఠస్థం. అందులో అల్లాహ్ ప్రస్తావించినది జీవనోపాధి కోసం ఇల్లు విడిచి వెళ్లినవారి ప్రయాణాన్ని. మక్కా ఎండిన లోయ. అక్కడ పైరు లేదు, ఏరు లేదు. ఖురైషులు చలికాలంలో యమన్ వైపు, వేసవిలో షామ్ వైపు వర్తక బిడారులతో సాగిపోయేవారు. తమకు ఆకలిలో అన్నం పెట్టి, భయం నుండి రక్షణ ఇచ్చిన ఈ గృహప్రభువును వారు ఆరాధించాలని అల్లాహ్ ఆదేశించాడు.

ఇక్కడ అల్లాహ్ చెప్పిన అనుగ్రహాలు రెండు. ఒకటి ఆకలి తీరడం, రెండవది భయం తొలగడం. ఆకలి తీర్చేది ప్రయాణి తెచ్చిన సంపాదన. మరి ఆ ప్రయాణి నిశ్చింతగా గడప దాటడానికి వెనుక ఇల్లు భద్రంగా ఉండాలి కదా? ఇది నా ఆలోచన మాత్రమే, వ్యాఖ్యాతల మాట అని చెప్పడం లేదు. అయినా ఈ సూరా పఠించిన ప్రతిసారీ, బిడారు కదిలిపోయాక మక్కాలో మిగిలిన వృద్ధులు, స్త్రీలు, పసివాళ్లు నాకు గుర్తుకు వస్తారు.

మన నేల కూడా అటువంటిదే. వాన పడితేనే పంట పండే చెలకలు మనవి. పక్కనున్న పాలమూరు కూలీల పేరు దేశమంతా ఆనకట్టలు కట్టినవారిగా మారుమోగింది. గుంపు మేస్త్రి చేతిలో అడ్వాన్సు పెట్టగానే ఏడాదిలో ఎనిమిది, పది నెలలు ఇల్లు విడిచిపోవడం వారి బ్రతుకు. మన జిల్లాలోనే 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్‌ను రాతితో కట్టినవారు వేలాదిమంది ఇటువంటి కూలీలే. అంతకుముందు మన తాతలలో కొందరు దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవారు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో నిర్మాణాలు విస్తరించినప్పుడు తాపీ పనివారు, వెల్డర్లు, డ్రైవర్లు, దర్జీలు అటు కదిలారు. ఇప్పుడు సాగర్ రోడ్డు మీద బస్సెక్కి మాల్, ఇబ్రహీంపట్నం దాటి హైదరాబాదు చేరేవారికైతే లెక్కలేదు. ఇవన్నీ వెళ్లినవారి చరిత్రలు. మిగిలినవారి చరిత్రను ఎవరూ రాయలేదు.

సోదరులారా! మిగిలినవారిలో మొట్టమొదట తలచుకోవలసిన పేరు హజ్రత్ హాజిరా (అలై)ది. ఆ వృత్తాంతం సహీహ్ బుఖారీలో వివరంగా ఉంది. హజ్రత్ ఇబ్రాహీం (అలై) ఆమెను, పాలు తాగే ఇస్మాయీల్ (అలై)ను నిర్జనమైన లోయలో దించి, ఒక సంచిలో ఖర్జూరాలు, ఒక తోలుతిత్తిలో నీళ్లు ఉంచి వెనుదిరిగారు. తమను ఈ శూన్యంలో విడిచి ఎక్కడికి పోతున్నారని ఆమె వెంటబడి పదే పదే అడిగింది. ఆయన వెనుదిరిగి చూడలేదు. చివరకు, ఇది అల్లాహ్ ఆజ్ఞయేనా అని అడిగింది. అవునని ఆయన బదులిచ్చారు. అయితే ఆయన మమ్మల్ని నాశనం కానివ్వడు అని చెప్పి ఆమె వెనుదిరిగింది. ఆపైన నీళ్లు అయిపోయాయి. బిడ్డ దాహంతో అల్లాడుతుంటే ఆ తల్లి సఫా, మర్వా గుట్టల నడుమ ఏడుసార్లు పరుగెత్తింది. అల్లాహ్ జమ్‌జమ్‌ను వెలువరించాడు.

ఒక్కటి గమనించండి. నేడు లక్షలాది హాజీలు, ఉమ్రా యాత్రికులు సయీ చేస్తూ నడుస్తున్నది వెళ్లినవారి అడుగుజాడలలో కాదు. ఇంటిని కనిపెట్టుకుని ఉండిపోయి నీళ్ల కోసం పరుగెత్తిన ఒక స్త్రీ అడుగుజాడలలో. ఆమె పరుగును అల్లాహ్ ఆరాధనలో భాగం చేశాడు. ఇక దూరం వెళ్లిన ఇబ్రాహీం (అలై) ఏమి చేశారు? కనుమరుగు కాగానే ఆ లోయ వైపు తిరిగి చేతులెత్తారు. ప్రజల హృదయాలు తన సంతానం వైపు మొగ్గాలని, వారికి ఫలాలు ఆహారంగా లభించాలని, వారు కృతజ్ఞులు కావాలని వేడుకున్నారు. ఆ దుఆ సూరా ఇబ్రాహీంలో ఉంది. దూరాన ఉన్నవాడు ఇంటివారికి ఇవ్వగలిగిన తొలి కానుక అదే.

నీళ్ల కోసం పరుగెత్తిన తల్లి అనగానే మర్రిగూడలో ఎవరికి వారి తల్లి గుర్తుకు రావాలి. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రమాణం. మన మండలంలో కొన్ని బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, పెద్దల్లో గట్టిపడిన కీళ్లు, వంగని వెన్నెముకలు. ఇవన్నీ మనకు ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కరలేదు. మిషన్ భగీరథ గొట్టాలలో కృష్ణా నీరు రాకముందు, ఊరికి దూరంగా ఉన్న మంచినీళ్ల బావి నుండి బిందెలు మోసినవారు స్త్రీలే. మగవారు ఊళ్లో లేని ఇళ్లలో ఆ మోత ఇంకా ఎక్కువ.

ఇక నా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మింబర్ మీద సొంత కథలు చెప్పడం నాకు ఇష్టముండదు. కానీ ఈ విషయంలో నేను ఇవ్వగలిగిన సాక్ష్యం ఇదొక్కటే.

అబ్బా తాపీ పనివారు. 1980ల ఆరంభంలో రియాద్ వెళ్లారు. నాకప్పుడు పదేళ్లు. అమ్మీకి చదువు రాదు. ఆమె చెబుతుంటే నీలి కాగితం మీద నేను ఉత్తరం రాసేవాణ్ణి. ఇక్కడ అందరం ఖైరియత్, మీ ఖైరియత్ కోరుతున్నాం అని ప్రతి ఉత్తరం మొదలయ్యేది. వరి ఎండిపోయిన సంవత్సరం వానలు బాగా పడ్డాయని రాయించింది. దాదీమా మూడు నెలలుగా మంచాన ఉంటే, కాస్త జలుబు చేసిందని రాయించింది. నేను కలం ఆపి, "అమ్మీ, ఇది అబద్ధం కదా?" అన్నాను. "బేటా, ఆయన అక్కడ అంతెత్తున కట్టెల మీద నిలబడి గోడ కడతారు. నా ఉత్తరం తలచుకుని కాలు తడబడితే ఏం చేస్తావు? రాయి" అన్నది. భార్యాభర్తలు ఒకరినొకరు ఊరడించుకునేందుకు పలికే మాటలలో షరీఅత్ కొంత సడలింపు ఇచ్చిందని తరువాత చదువుకున్నాను. ఆనాడు మాత్రం ఆమె ముఖం చూసి రాశాను.

అబ్బా నుండి వచ్చే ఉత్తరాలూ అలాగే ఉండేవి. మంచి గది ఇచ్చారు, ఫ్యాను ఉంది, పని తేలిక అని రాసేవారు. ఒక ఏడాది ఏడు నెలలపాటు డబ్బు రాలేదు. బ్యాంకు ఆలస్యం అని రాశారు. నిజానికి ఆ ఏడు నెలలు యజమాని జీతం ఇవ్వలేదు. ఆయన కట్టుతున్న భవనంలోనే సిమెంటు సంచులు పరచుకుని పడుకున్నారు. ఈ సంగతి ఆయన మరణించాక, ఆయనతో పనిచేసిన ఒక పెద్దమనిషి చెబితే తెలిసింది.

ఆ ఏడు నెలలు మా ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది? కిరాణా కొట్టు ఆసామి ఖాతా పుస్తకంలో రాసుకుంటూ పోయాడు, ఒక్కనాడూ గుమ్మం ముందుకు వచ్చి అడగలేదు. పక్కింటి అత్తమ్మ పొద్దున్నే చెంబుడు పాలు గోడ మీద పెట్టి, మా అమ్మీ మొహమాటపడకుండా చూడకుండానే వెళ్లిపోయేది. వారిద్దరూ ముస్లింలు కారు. పొరుగువారి హక్కు గురించి జిబ్రయీల్ (అలై) ఎంతగా నొక్కి చెప్పారంటే, పొరుగువారికి ఆస్తిలో కూడా వాటా వస్తుందేమోనని తమకు తోచిందని దైవప్రవక్త (స) అన్నారు. ఆ హదీసు అర్థం నాకు ఆ గోడ మీద కనిపించింది.

తొమ్మిదేళ్ల తరువాత, నడుమ రెండే సెలవులు గడిపి, అబ్బా పూర్తిగా తిరిగి వచ్చారు. వచ్చిన రోజు అసర్ వేళ నమాజుకు నిలిచిన అమ్మీ రుకూలో వంగలేకపోవడం చూశారు. నన్ను బయటికి పిలిచి, "ఎప్పటి నుండి?" అని అడిగారు. రెండేళ్ల నుండి అన్నాను. "మరి ఎందుకు రాయలేదు?" అన్నారు. "అమ్మీ వద్దన్నది" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మరునాడు ఫజర్ ముగియగానే రెండు బిందెలు కావడికి కట్టుకుని బావికి బయలుదేరారు. మగవాడు, అందులోనూ సౌదీ నుండి వచ్చినవాడు నీళ్లు మోయడమేమిటని బజారులో కొందరు నవ్వారు. ఆయన మోశారు. చేతనైనన్నాళ్లు మోశారు. అమ్మీ వుజూకు నీళ్లు కూడా ఆయనే అందించేవారు. ఆ వారంలోనే కిరాణా ఆసామి వద్దకు వెళ్లి పాత లెక్క మరోసారి సరిచూసుకున్నారు. పక్కింటి అత్తమ్మకు చీర తెచ్చి, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, "అక్కా, నా పిల్లలు నీ పాలు తాగి బ్రతికారు" అన్నారు. షుక్రియా అన్న మాటను ఆయన అమ్మీతో అనడం నేను ఎన్నడూ వినలేదు. అది ఒక లోపమేనని నా అభిప్రాయం. అనవలసింది. ఆమె వినదగ్గది.

ఎందుకంటే దైవప్రవక్త (స) తమ కృతజ్ఞతను చేతలలోనే దాచుకోలేదు. నోటితో, పదిమంది ముందు చెప్పారు. హిరా గుహలో ఏకాంతంగా గడిపిన రోజులలో ఆయనకు తినుబండారాలు సిద్ధం చేసి పంపినది హజ్రత్ ఖదీజా (రజి). అవి అయిపోతే ఆయన ఇంటికి వచ్చి మళ్లీ తీసుకుని వెళ్లేవారు. మొదటి వహీ అవతరించినప్పుడు వణుకుతూ వచ్చిన ఆయనకు దుప్పటి కప్పి, అల్లాహ్ మిమ్మల్ని ఎన్నడూ అవమానపరచడని ధైర్యం చెప్పింది ఆమె. తరువాత ఒకనాడు ఆమె పాత్రలో ఆహారం పట్టుకుని వస్తుండగా జిబ్రయీల్ (అలై) వచ్చి, ఆమెకు ఆమె ప్రభువు తరఫున సలాము చెప్పమన్నారు. రణగొణ, అలసట లేని స్వర్గగృహం శుభవార్తగా అందించమన్నారు. అన్నం గిన్నె మోసుకువచ్చే స్త్రీకి ఆకాశం నుండి సలాము వచ్చింది. అలసట ఎరిగిన స్త్రీకి అలసట లేని ఇల్లు.

ఆమె మరణించిన ఎన్నో ఏళ్ల తరువాత మదీనాలో మేకను కోస్తే దైవప్రవక్త (స) ఆమె స్నేహితురాళ్ల ఇళ్లకు మాంసం పంపేవారు. ఆమె సోదరి హాలా గొంతు వినగానే ఖదీజా గుర్తుకు వచ్చి ఉలిక్కిపడేవారు. బద్ర్ యుద్ధం తరువాత ఖైదీగా ఉన్న తన భర్త అబుల్ ఆస్ విడుదల కోసం కుమార్తె జైనబ్ (రజి) ఒక హారం పంపారు. అది ఒకప్పుడు ఖదీజా (రజి)ది. దానిని చూసి దైవప్రవక్త (స) హృదయం కరిగిపోయింది. సహచరులను కోరి, ఖైదీని విడిచిపెట్టించి, హారాన్నీ తిరిగి పంపించారు. ప్రజలు తిరస్కరించిన వేళ ఆమె విశ్వసించిందని, ప్రజలు ఇవ్వని వేళ తన సంపదతో ఆదుకున్నదని ఆయన చెప్పుకునేవారు. గొప్పవాడై విజయం సాధించిన తరువాత, కష్టకాలంలో అండగా నిలిచిన మనిషిని ఇంత స్పష్టంగా పేరుపెట్టి తలచుకునేవారు ఎందరు?

మన సంగతి చూద్దాం. ప్రజలకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడు కాలేడనే హదీసు మనకు తెలుసు. స్త్రీలు కృతఘ్నులనే మాట మాత్రం మనలో కొందరు ప్రతి సభలో వల్లిస్తారు. గల్ఫ్ నుండి వచ్చి మేడ కట్టినవాడు, గుమ్మం పైన తన పేరు చెక్కించుకుంటాడు. ఆ గోడలకు రాత్రింబవళ్లు నీళ్లు పట్టి, కూలీలకు లెక్కచెప్పి, ఇసుక లారీ కోసం నడిరాత్రి మేల్కొన్నది ఎవరు? అత్తమామల సేవను భార్యకు షరీఅత్ విధిగా చేయలేదని అనేకమంది పండితులు తెలిపారు. అంటే మీ ముసలి తల్లికి మందులు వేసిన మీ భార్య మీకు ఉపకారం చేసింది, అది ఆమె బాకీ కాదు. ఊళ్లో ఉండిపోయిన తమ్ముడు తండ్రికి గోరుముద్దలు తినిపించి, జనాజా కూడా మోశాడు. పంపకాల రోజు అన్న వచ్చి, "అంతా నా డబ్బే కదా" అంటాడు. డబ్బు నీదే. ఆ తండ్రి చివరి పదేళ్లు ఎవరివి?

మహర్ సంగతి చెప్పకుండా ముగించలేను. నికాహ్ నాడు ఒప్పుకున్న మహర్‌ను సంవత్సరాల తరబడి చెల్లించరు. పరదేశ సంపాదనతో కారు కొన్నా చెల్లించరు. చివరకు భర్త శవం వాకిట్లో ఉండగా, నలుగురు స్త్రీలు చేరి ఏడుస్తున్న భార్యను, "మహర్ మాఫ్ చెయ్యమ్మా" అని అడుగుతారు. ఆ క్షణంలో ఆమె కాదనగలదా? అది క్షమ కాదు, దోపిడీ. బ్రతికుండగా, చేతిలో డబ్బు ఉండగా ఇవ్వండి.

ఇంటివారికీ ఒక మాట. ప్రయాణం యాతనలో ఒక భాగమని, అది మనిషికి అన్నం, నీళ్లు, నిద్ర దక్కకుండా చేస్తుందని, పని ముగియగానే త్వరగా ఇల్లు చేరాలని దైవప్రవక్త (స) బోధించారు. ఫోను ఎత్తగానే డబ్బు పడిందా, చెల్లెలి పెళ్లికి తులం ఎంత అని అడిగేముందు, తిన్నావా అని అడగండి. పెళ్లి భోజనాలలో పది రకాల కోసం అతని రాకను మరో రెండేళ్లు వెనక్కి నెట్టకండి. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వీధులలో తిరుగుతూ, సైన్యంలోకి వెళ్లిన భర్త కోసం ఒక స్త్రీ విలపించడం విన్నారు. తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి తెలుసుకుని, భర్తలను అంతకు మించి దూరం ఉంచరాదని గడువు నిర్ణయించారు. ఆ గడువు కొన్ని ఉల్లేఖనాలలో నాలుగు నెలలు, మరికొన్నింటిలో ఆరు నెలలు. మన గడువులు సంవత్సరాలలో ఉన్నాయి. అవసరం కొద్దీ అయితే అల్లాహ్‌కు తెలుసు. ఆడంబరం కొద్దీ అయితే అదీ అల్లాహ్‌కు తెలుసు.

రెండవ ఖుత్బా

సర్వలోకాల ప్రభువుకు స్తుతి, ఆయన ప్రవక్తపై శాంతి.

సోదరులారా! 2020 మే 1న లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలతో దేశంలో మొదటి శ్రామిక్ రైలు మన తెలంగాణలోని లింగంపల్లి నుండే ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో ఉన్నవారు మన నగరంలో భవనాలు కట్టినవారు. నేడు కూడా మన చుట్టుపక్కల ఇటుక బట్టీలలో, కోళ్ల ఫారాలలో దూరదేశం నుండి వచ్చినవారు ఉన్నారు. వారి ఇంటి దగ్గర కూడా ఎవరో, ఖైరియత్ అని చెప్పమని పిల్లవాడికి నేర్పుతూ ఉంటారు. వారి జీతం ఆపకండి. మన పిల్లల జీతం అక్కడెవరో ఆపినప్పుడు మనం ఏ నోటితో ఏడుస్తాం?

నమాజు ముగిసిన తరువాత అక్కడ ఉన్న మీ బిడ్డలకు ఫోను చేయండి. ఇక్కడ పనిచేసి సాయంత్రం ఇల్లు చేరేవారు, ఇంట్లో ఉన్నవారికి జజాకల్లాహు ఖైరన్ అని ముఖం చూసి చెప్పండి. ఉపకారం చేసినవారికి ప్రత్యుపకారం చేయలేకపోతే, తీర్చుకున్నామని మనసుకు తోచేవరకు వారికోసం దుఆ చేయాలని దైవప్రవక్త (స) నేర్పారు.

ఓ అల్లాహ్! హాజిరా (అలై)కు నీళ్లు ఇచ్చినవాడా! ఎడారులలో, ఎత్తైన కట్టడాలపై, రాత్రి డ్యూటీలలో ఉన్న మా వారిని కాపాడు. జీతం ఆగినవారికి జీతం ఇప్పించు, దారి మూసుకున్నవారికి దారి తెరువు, అప్పులలో ఉన్నవారి అప్పులు తీర్చు. వారి ఇళ్లను, వృద్ధులను, పసివాళ్లను కనిపెట్టుకుని ఉన్న స్త్రీలకు ఆరోగ్యం ప్రసాదించు. నీళ్లు మోసి వంగిన నడుములకు, నీ ముందు వంగలేకపోయిన నడుములకు, అలసట లేని ఇల్లు ప్రసాదించు. మా కోసం గోడ మీద పాలు ఉంచిన పొరుగువారికి మేలు చేయి, వారికి సన్మార్గం చూపు. మేము కృతజ్ఞత చెప్పకముందే వెళ్లిపోయిన మా తల్లులను, తండ్రులను క్షమించు. ఆమీన్.